తడబడినవాడు తప్పినవాడేనా?

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి ఒకతె ఇంగ్లీషు గైడు పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. నేనుండే ఊరు చెన్నేకొత్తపల్లి. హైదరాబాదు - బెంగుళూరు రహదారిలో పోయేవారికి బస్సు కిటికీలోనుంచి ఒక్క నిమిషం కనిపించి మాయమయ్యే ఊరు. ట్యూషన్లకు డబ్బు పెట్టలేని పిల్లలు అప్పుడప్పుడు నా వరండాలో కూర్చొని చదువుకుంటారు.

"ఫాదర్, హెజిటేట్, వాసిలేట్, వేవర్, ఫాల్టర్, ఫ్లించ్, ఫ్లాగ్ - ఈ మాటలన్నీ ఒకటేనా? గైడులో అన్నిటికీ 'సందేహించు, వెనుకాడు' అనే రాసుంది" అని అడిగింది.

ఒకటి కావు అన్నాను. సెమినరీలో నేర్చుకున్న లాటిను అన్నాళ్ళ తరువాత పనికి వచ్చినందుకు కొంచెం ఉత్సాహం కూడా కలిగింది. హెజిటేట్ అనే మాటకు లాటిను మూలంలో అంటుకుపోవడం, ఇరుక్కుపోవడం అని అర్థం. బురదలో బండి చక్రం దిగబడినట్లు మనిషి అడుగు కదలదు. వాసిలేట్ అంటే అటూ ఇటూ ఊగడం. వేవర్ అంటే గాలికి దీపం అల్లాడినట్లు అల్లాడటం. ఫాల్టర్ అంటే నడకలో కాలు, మాటలో నాలుక తడబడటం. ఫ్లించ్ అంటే దెబ్బ పడుతుందని తెలిసి ఒళ్ళు ముడుచుకోవడం. ఫ్లాగ్ అంటే ఎండకు మొక్క తల వాల్చినట్లు మొదట ఉన్న సత్తువ క్రమంగా తగ్గిపోవడం.

ఆ పిల్లకు ఇంగ్లీషు మాటలు చెబుతూ ఉంటే మన మాటలు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. తటపటాయించడం, ఊగిసలాడటం, తడబడటం, తొట్రుపడటం, జంకడం, వెనుకంజ వేయడం, డీలాపడటం, సడలిపోవడం. మా సీమలో 'ఎనకా ముందూ ఆడ్తాండాడు' అంటారు. పనిని తేల్చకుండా సాగదీసేవాణ్ణి 'నాన్చుతున్నాడు' అంటాం, పప్పు నానబెట్టినట్లు. ముహూర్తాల పేరు చెప్పి కాలం గడిపేవాణ్ణి 'మీనమేషాలు లెక్కపెడుతున్నాడు' అంటాం. ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు. మనిషి స్థిరం తప్పడంలో ఇన్ని రకాలున్నాయని మన పెద్దలు కనిపెట్టారు గనుకనే పుట్టాయి.

ఆ అమ్మాయి అన్నీ రాసుకొని, లేవబోతూ ఇంకో ప్రశ్న వేసింది. "అయితే ఫాదర్, ఇవన్నీ తప్పులేనా? ఎవరైనా కొంచెం ఆలోచిస్తే చాలు, మా ఇంట్లో పిరికిముండ అంటారు."

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. "మీరు కూడా హెజిటేట్ చేస్తున్నారు ఫాదర్" అని నవ్వి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అది పరీక్ష కోసం చదివే పిల్లది మాత్రమే కాదు, మనందరిదీ. పెళ్ళి సంబంధానికి అవుననాలా కాదనాలా తేల్చుకోలేని తల్లిదండ్రులు, అన్యాయం చూసి నోరు విప్పాలా వద్దా అని గుటకలు మింగే ఉద్యోగి, తాగుడు మానేస్తానని ఒట్టు పెట్టుకొని నలభై రోజుల తరువాత బడ్డీకొట్టు ముందు నిలబడిన ఇంటాయన - వీళ్ళందరూ స్థిరం తప్పినవారే. వీళ్ళందరూ ఒకే తప్పు చేశారా? అసలు తప్పు చేశారా?

సామెతల్ని అడిగితే అవి కూడా రెండు నాలుకలతో మాట్లాడతాయి. 'ఆలస్యం అమృతం విషం' అని ఒకటి, 'నిదానమే ప్రధానం' అని మరొకటి. రెండూ పెద్దల మాటలే. ఏ మాట ఎప్పుడు వర్తిస్తుందో తేల్చుకోవలసింది మనమే.

ఆ వారంలోనే ఒక రైతు వచ్చాడు. ఐదెకరాల మెట్ట పొలం. పునర్వసు కార్తె నడుస్తోంది. ఒక మోస్తరు వాన పడింది. ఇంట్లో అప్పు తెచ్చిన శెనగవిత్తనం ఉంది. "ఏం సేయమంటారు ఫాదర్? వాన పడె గాని, పదును లోపలికి దిగలేదు. నా కొడుకేమో అందరూ ఏస్తాండారు, నువ్వొక్కడివే సూస్తా కూసున్నావు, నీకు ధైర్యం లేదు అంటాండాడు. మనసు ఊగులాడతాంది" అన్నాడు.

ఈ ప్రాంతం తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. నైరుతి రుతుపవనాల తేమను పడమటి కనుమలు ఆపుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు ఇక్కడిదాకా వచ్చేసరికి బలం కోల్పోతాయి. ఆ కొద్ది వానైనా వరుసగా పడదు. ఒక వాన పడి మూడు నాలుగు వారాలు మొహం చాటేయడం ఇక్కడ మామూలు. వేరుశనగకు ఎకరాకు ఏభై అరవై కిలోల గింజలు కావాలి. పై పదునుకే విత్తి, ఆ తరువాత ఎండ కాస్తే మొలకతో పాటు అప్పు కూడా మాడిపోతుంది. వేచి చూద్దామంటే కార్తె దాటుతుంది. ఆగస్టు గడిచేకొద్దీ ఆ నేలలో శెనగ విత్తినా కాయ నిండదు.

ఇలాంటి చోట ఆ రైతు తటపటాయింపును పిరికితనం అనగలమా? మన సేద్యగాళ్ళు 'అదను, పదును' అని రెండు మాటలను జంటగా వాడతారు. పదును అంటే నేలలో విత్తనానికి సరిపడే తేమ. అదను అంటే తగిన సమయం. పదును లేకుండా విత్తేవాడు తొందరపాటు మనిషి. పదును చూస్తూ చూస్తూ అదను దాటపెట్టేవాడు నాన్చే మనిషి. ఈ రెండింటి మధ్య ఉన్న కొద్ది రోజులే రైతు వివేకానికి పరీక్ష. ఆ కొద్ది రోజులు అతని మనసు ఊగకపోతేనే ఆశ్చర్యపడాలి.

పునీత అక్వీనాసు తోమాసు వారు వివేకమనే సుగుణాన్ని వివరిస్తూ దానికి మూడు పనులున్నాయని బోధించారు. మొదటిది విచారించడం, రెండవది తీర్పు చేసుకోవడం, మూడవది ఆ తీర్పును అమలు చేయమని తనకు తాను ఆజ్ఞ ఇచ్చుకోవడం. ఈ మూడింటిలో ముఖ్యమైనది మూడవదే అన్నారాయన. విచారణను దాటవేసి దూకేవాణ్ణి మెట్లు దిగకుండా మేడమీదనుంచి కిందికి పడిపోయేవాడితో పోల్చారు. జరిగినదాన్ని గుర్తుచేసుకోవడం, ఉన్నదాన్ని గ్రహించడం, రాబోయేదాన్ని ఊహించడం, ఒకదానితో ఒకటి పోల్చిచూడడం, పెద్దల మాట వినడం - ఇవి ఆ మెట్లు. తీర్పు చేసుకొని కూడా ఆజ్ఞ ఇచ్చుకోలేని స్థితిని అస్థిరత్వం అన్నారు. ఆయనకు పదహారు శతాబ్దాల ముందే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ కూడా ఆలోచన నింపాదిగా సాగాలని, నిర్ణయం జరిగాక అమలు చురుకుగా జరగాలని అభిప్రాయపడ్డాడు.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన మాటల్ని ఈ మూడు మెట్లమీద పెట్టి చూద్దాం.

విచారణ దశలో కలిగే తటపటాయింపు తప్పు కాదు. అది మనసు చేయవలసిన పని. తెలియనిది తెలియనట్లు ఒప్పుకోవడం సత్యం పట్ల గౌరవమే. కూతురి సంబంధం గురించి అబ్బాయి అలవాట్లు వాకబు చేసే తండ్రిని 'ఎందుకు వెనకా ముందూ ఆడతావు' అని తొందరపెట్టే బంధువులు ఆ బిడ్డకు మేలు చేయడం లేదు. హామీ సంతకం పెట్టమన్నప్పుడు 'ఒక రోజు ఆగు, కాగితం చదవనీ' అన్నవాడు స్నేహాన్ని శంకించినట్లు కాదు.

రెండవది, శరీరం వణకడం. మొదటిసారి పీఠం దగ్గర నిలబడి పఠనం చదివే పిల్లవాడి నాలుక తొట్రుపడుతుంది. పక్షవాతం వచ్చిన ముసలాయన దివ్యసత్ప్రసాదానికి చాచిన చేయి అల్లాడుతుంది. సాక్ష్యం చెప్పడానికి బోనెక్కిన ఆడపడుచు గొంతు పూడుకుపోతుంది. వీటిలో మనసు ఎక్కడా వెనక్కు తగ్గలేదు, ఒళ్ళు మాత్రమే తడబడింది. గెత్సెమని తోటలో మన ప్రభువు ఎంత కలవరపడ్డారో సువార్తలు దాచిపెట్టలేదు. ఆ పాత్రను తొలగించమని తండ్రిని ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వేడుకున్నారు. అయినా అక్కడినుంచి లేచి వెళ్ళినది తనను పట్టుకోవడానికి వచ్చినవారికి ఎదురుగానే. వణుకు పాపమైతే ఆ తోటను మనం తలుచుకోనే కూడదు.

మూడవది, జంకడం. ఇక్కడినుంచి మాట బరువెక్కుతుంది. జంకేవాడికి చేయవలసింది తెలుసు. విచారణ ముగిసింది, తీర్పు కూడా అయింది. అడుగు మాత్రం పడదు. ఇందుకు ఉదాహరణగా ఇంకొకరిని చూపడం న్యాయం కాదు గనుక నా సంగతే చెబుతాను.

చాలా ఏళ్ళ క్రితం నేను మరో విచారణలో ఉన్నప్పుడు ఒక రోజు సాయంత్రం ఒక సంసారి నా గది గడప దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. నేను పక్క ఊరిలో పూజకు బయలుదేరుతూ మోటారుసైకిలు తాళం చేతిలో పట్టుకొని ఉన్నాను. "ఏమయ్యా?" అన్నాను. అతను ఏదో చెప్పబోయాడు, ఆగాడు, తువ్వాలు చేతిలో నలిపాడు. "ఏం లేదులే ఫాదర్, మళ్ళొస్తా" అన్నాడు. ఏం లేకపోవడం కాదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. పిలిచి కూర్చోబెట్టాలని అనిపించింది. కాని కూర్చోబెడితే అప్పుల సంగతి వస్తుంది, నా చేతిలో లేని సాయం అడుగుతాడు, పూజకు ఆలస్యమవుతుంది. ఇలా మూడు సాకులు కలిసి నన్ను పట్టి ఉంచాయి. అతను మెట్లు దిగాడు. నేను బండి తీశాను.

పది రోజుల తరువాత ఆ ఇంటికి తాళం కనిపించింది. ఎద్దుల్ని అమ్మి, పిల్లల బడి మాన్పించి, భార్యతో బెంగుళూరుకు కట్టడం పనికి వెళ్ళిపోయాడన్నారు. కొన్నేళ్ళకు ఒక పెళ్ళిలో కలిశాడు. కోపమేమీ లేదు అతనికి. "ఆ పొద్దు డబ్బు కోసరం రాలేదు ఫాదర్. పిల్లోల్లను హాస్టల్లో ఇడిసిపెట్టి పోదామా అని అడుగుదామని వచ్చినా. మీరు కూసోమని ఉంటే అడిగేవాణ్ణి" అన్నాడు. అతని పెద్ద కొడుకు అప్పటికే సిమెంటు మోస్తున్నాడు.

ఆ రోజు ఇద్దరం తడబడ్డాం. అతని తడబాటులో ఒక తండ్రి బాధ ఉంది. నాది వేరు. అతనికి ఏం చేయాలో తెలియక ఆగాడు. నాకు తెలిసీ ఆగాను. బయటినుంచి చూసినవారికి రెండూ ఒకేలా కనిపించి ఉంటాయి. ఆ అమ్మాయి గైడులో అన్ని మాటలకూ ఒకే అర్థం రాసినట్లు.

నాలుగవది, సడలిపోవడం. పని మొదలైంది, దారి సరైనదే, కాని రోజులు గడిచేకొద్దీ పట్టు వదులవుతుంది. మోకు సడలినట్లు, ఎవరికీ తెలియకుండా. పిల్లలతో కలిసి రాత్రి ప్రార్థన చెప్పుకుందామని ఆగమనకాలంలో మొదలుపెట్టిన ఇల్లు తపస్సుకాలం వచ్చేసరికి టీవీ ముందు కూర్చొని ఉంటుంది. ఇక్కడ పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు ఇచ్చిన ఒక నియమం ఎంతో ఉపయోగపడుతుంది. మనసు ఎండిపోయి నిరుత్సాహంగా ఉన్న రోజుల్లో పాత నిర్ణయాన్ని మార్చుకోకూడదు, వెలుగు ఉన్నప్పుడు చేసుకున్న తీర్మానంమీదే నిలబడాలి అన్నారాయన. ఆ నిరుత్సాహం కలగడం మన చేతిలో లేదు. అది కలిగిన రోజున కొత్త నిర్ణయం తీసుకోకుండా ఉండడం మాత్రం మన చేతిలోనే ఉంది.

సడలకపోవడం ఎట్లా ఉంటుందో చూడాలంటే మేము దూరం వెళ్ళనక్కరలేదు. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం దంపతులు, వారి మిత్రులు చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు భూమి కొని టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. చెట్టూ చేమా లేని రాళ్ళ నేల. వాళ్ళు ముఖ్యంగా చేసినది ఆ నేలను నిప్పునుంచి, గొడ్డలినుంచి, విచ్చలవిడి మేతనుంచి కాపాడుతూ రావడం. నేలలో దాగిన వేళ్ళు చిగురించి, మెల్లగా చెట్లు తిరిగి వచ్చాయి. తరువాత చుట్టుపక్కల ఊళ్ళవారు కలిసి కల్పవల్లి అనే పేరుతో ఉమ్మడి గుట్టల్ని కూడా అలాగే కాపాడుకున్నారు. అంత కాలంలో ఒక్కరికి కూడా నిరుత్సాహం కలగలేదని నేను అనను. కరువు ఏళ్ళలో పచ్చని ఆకు కనబడనప్పుడు ఎవరికైనా మనసు కుంగుతుంది. కాని కుంగిన రోజున కంచె తీసేయలేదు. అదే స్థిరత్వం.

ఒక చిక్కు ప్రశ్న కూడా ఉంది. వెనక్కు తగ్గడం ఎల్లప్పుడూ సడలిపోవడమేనా? మా ఊరికి దక్షిణంగా పెనుకొండ కోట ఉంది. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాక ఆయన తమ్ముడు తిరుమలరాయలు విజయనగరానికి వచ్చి, ఖజానాతో, పేరుకు రాజైన సదాశివరాయలతో పెనుకొండకు తరలిపోయాడు. విజయనగరం దోపిడీకి గురైంది. రాజ్యం మాత్రం పెనుకొండనుంచి, తరువాత చంద్రగిరినుంచి కొంతకాలం నిలిచింది. ఆయన చేసినది వెనుకంజ వేయడమా, వివేకమా? రాజ్యాన్ని తలుచుకున్నవారు వివేకం అంటారు. వెనుక మిగిలిపోయిన నగరవాసుల్ని తలుచుకున్నవారు అంత తొందరగా ఆ మాట అనలేరు. నాకు ఇందులో కనిపించే పాఠం ఒకటే. మన వెనుకడుగును తూచేటప్పుడు మనకు మిగిలినదాన్ని మాత్రమే తక్కెడలో పెట్టకూడదు, దానివల్ల ఇతరులు పోగొట్టుకున్నదాన్ని కూడా పెట్టాలి.

ఇక్కడ మీలో కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. 'ఫాదర్ గారూ, పునీత యాకోబు లేఖ రెండు మనసుల మనిషిని సముద్రపు అలతో పోల్చింది గదా, అలాంటివాడికి ఏమీ దొరకదని హెచ్చరించింది గదా, మరి మీరు తటపటాయింపును వెనకేసుకొస్తున్నారేమిటి?' అని. మంచి ప్రశ్న. యాకోబు గారు మందలించింది తెలియక అడిగేవాణ్ణి కాదు. జ్ఞానం కొదువైనవాడు దేవుణ్ణి అడగాలని అదే చోట ఆయన బోధించారు. అడుగుతూనే ఇంకోవైపు తన దారి తాను చూసుకునేవాణ్ణి, రెండు పడవల్లో రెండు కాళ్ళు పెట్టినవాణ్ణి ఆయన మందలించారు.

మత్తయి సువార్త చివరి అధ్యాయాన్ని ఒకసారి తీసి చూడండి. ఉత్థానమైన ప్రభువును పదకొండుమంది శిష్యులు గలిలయ కొండమీద చూశారు. ఆరాధించారు. అయితే కొందరికి సందేహం కలిగిందని సువార్తికుడు దాచకుండా రాశాడు. గ్రీకు మూలంలో అక్కడ వాడిన క్రియాపదమే నీటిమీద నడుస్తూ మునిగిపోబోయిన పేతురు విషయంలోనూ కనిపిస్తుంది. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఉన్నది ఆ రెండు చోట్లనే. ఆ కొండమీద ప్రభువు ఏం చేశారు? సందేహం ఉన్నవారిని ఒక పక్కకు, లేనివారిని ఒక పక్కకు నిలబెట్టలేదు. అందరికీ కలిపి లోకమంతటికీ వెళ్ళమని ఆజ్ఞ ఇచ్చారు. సందేహం పూర్తిగా తీరేదాకా కొండమీదే కూర్చోమని ఎవరికీ చెప్పలేదు. వారు వెళ్ళారు. పడవ దిగినవాడే మునగబోయాడు గాని, దిగనివారికి ఆ తడబాటే రాలేదు గదా!

అందుచేత ప్రియ పాఠకులారా, తడబడినవాడు తప్పినవాడు కాదు. తడబాటులోనే కాపురం పెట్టినవాడు తప్పుతాడు. ఈ రెండింటి తేడా తెలుసుకోవడానికి నేను నన్ను మూడు ప్రశ్నలు అడుగుతుంటాను. మీ ఇంట్లో కూడా అడిగి చూడండి. నేను ఇంకా తెలుసుకోవలసింది నిజంగా ఏమైనా ఉందా? ఉంటే ఎవరిని, ఎప్పుడు అడుగుతాను? నేను ఆగినందుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

మూడవ ప్రశ్నే గట్టిది. మన ఆలస్యానికి మనమే నష్టపోతే అది చాలావరకు మన ఇష్టం. కాని అవుననకుండా, కాదనకుండా నెలల తరబడి నాన్చిన సంబంధంలో ఎదురుచూసేది అవతలి ఇంటి ఆడపిల్ల. అన్నదమ్ములు భాగపరిష్కారాన్ని వాయిదా వేస్తూ పోతే మందులకు చేయి చాపవలసి వచ్చేది ముసలి తల్లి. నా గడప దగ్గర నేను ఆగినందుకు మూల్యం చెల్లించింది బడి మానిన ఒక పిల్లవాడు.

ఆ రైతు ఏం చేశాడో చెప్పలేదు గదా. నేను అతనికి విత్తమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. నేలను గురించి అతనికంటే నాకు తెలిసింది తక్కువ. "పదును ఎంత దిగిందో రేపు తవ్వి చూడు, ఎన్నాళ్ళు ఆగుతావో ఇప్పుడే తేదీ పెట్టుకో" అన్నాను. పది రోజులు అని పెట్టుకున్నాడు. ఎనిమిదవ రోజు మంచి వాన పడింది. మూడెకరాల్లో కందిసాళ్ళు పెట్టి శెనగ వేశాడు. రెండెకరాలు వెనక ఉలవలకు వదిలాడు. కొడుకు దాన్ని కూడా ఊగిసలాటే అన్నాడట. కాని అది ఊగిసలాట కాదు. ఆలోచించి, తేల్చుకొని, గొర్రు కట్టినవాడి పని. పంట ఎట్లా వచ్చిందన్నదాన్ని నేను కావాలనే ఇక్కడ రాయడం లేదు. పంట బాగా వస్తే నిర్ణయం మంచిదని, ఎండిపోతే చెడ్డదని అనుకోవడం మనకు అలవాటు. వాన రైతు చేతిలో లేదు. అదనూ పదునూ చూసి విత్తడం వరకే అతని బాధ్యత. అతను దాన్ని నెరవేర్చాడు.

ఆ అమ్మాయి మళ్ళీ వచ్చినప్పుడు ఇదంతా క్లుప్తంగా చెప్పాను. గైడులో 'వెనుకాడు' అన్న మాట పక్కన పెన్సిలుతో ఏదో రాసుకుంది. ఏం రాసిందో నేను అడగలేదు.

మీకు మాత్రం ఒక చిన్న మనవి. ఈ వారంలో మీ ఇంటి గడప దగ్గర ఎవరైనా నిలబడి, చెప్పబోయి ఆగి, "ఏం లేదులే" అంటే, చేతిలో ఉన్న తాళం పక్కన పెట్టండి. "కూర్చో" అనండి.